సాల్హేర్ దిగిన తర్వాత

సారక్క పొద్దున్నే సర్వపిండి మొదలుపెట్టింది. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, నువ్వులు, ఉల్లికాడ తరుగు కలిపి, గిన్నె అడుగున చేత్తో అద్ది, వేలితో చిల్లులు పొడిచి, ఒక్కో చిల్లులో ఇంత నూనె వేసి సన్నటి సెగ మీద పెట్టింది. కూతురు కోమలికి అదంటే ప్రాణం. కోమలి నర్సు. కొత్త రకం కరోనా ఏదో వస్తోందని, ఆసుపత్రిలో వార్డులు మళ్లీ సిద్ధం చేస్తున్నారని, కొన్నాళ్లు అక్కడి హాస్టల్లోనే ఉండాల్సి వస్తుందని చెప్పి బ్యాగు సర్దుకుని వెళ్లింది. అప్పటినుంచి సారక్కకు అన్నం సహించడం లేదు.

సూరత్‌లోని ఉధ్నాలో వాళ్లది రెండో అంతస్తులో రెండు గదుల ఇల్లు. పెళ్లయిన కొత్తలో సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి భర్త రాజనర్సు వెంట సూరత్ వచ్చింది. ఆయన మరమగ్గాల మీద పనిచేస్తే, ఆమె ఇంట్లో కూర్చుని చీరలకు అంచు లేసు కుట్టేది. అలాగే ఇద్దరు పిల్లల్ని పెంచారు. పెద్దవాడు శరత్ చీరల మూటలు చేరవేసే టెంపో నడిపేవాడు. పోయిన ఏప్రిల్లో, ఊరంతా అంబులెన్సుల కూతలతో నిండిన రోజుల్లో, శరత్ కరోనాతో పోయాడు. కోమలి పనిచేసే ఆసుపత్రిలోనే పోయాడు. తల్లిదండ్రుల్ని గేటు దాటనివ్వలేదు. తనకు వేరే అంతస్తులో డ్యూటీ పడిందని, తననూ ఆ వార్డులోకి పోనివ్వలేదని, అన్న నిద్రలోనే పోయాడని డాక్టర్లు అన్నారని కోమలి ఇంటికొచ్చి చెప్పింది.

అప్పుడు పట్టుకుంది భయం సారక్కను. పక్కింట్లో ఎవరైనా దగ్గితే కిటికీ మూసేది. అంబులెన్సు కూత వినబడితే చేతిలో సూది జారిపోయేది. ఫోను మోగితే ఎత్తడానికి వణికేది, మోగకపోతే ఇంకా వణికేది. నిద్రలో లేచి కూతురి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది. వెచ్చగా ఊపిరి తగిలాకే వెళ్లి పడుకునేది. మిగిలింది ఒక్క బిడ్డ. ఆ బిడ్డ ఎక్కడికి పోయినా, తిరిగొచ్చేదాకా ఆమె ప్రాణం గుమ్మంలోనే ఉండేది.

పిండి ఎర్రగా కాలాక చల్లార్చి డబ్బాలో సర్దింది. రెండు మాస్కులు ఒకదాని మీద ఒకటి పెట్టుకుని షేర్ ఆటో ఎక్కింది. హాస్టల్ దాకా పోనివ్వరని తెలుసు. కౌంటర్లో ఇచ్చి, వీలైతే కూతుర్ని దూరం నుంచి ఒక్కసారి చూసి వద్దామనుకుంది.

కౌంటర్ దగ్గరి అమ్మాయి ఆమెను గుర్తుపట్టింది. కోమలిబెన్ సెలవులో ఉంది కదా మాసీ అంది హిందీలో. హేతల్ సిస్టర్, ఇంకొందరు స్నేహితులు కలిసి కొండలెక్కడానికి పోయారనీ, ఇంట్లో చెప్పలేదా అనీ అడిగింది.

సారక్క నమ్మలేదు. ఇది అబద్ధం. కోమలి లోపలే ఉంది. ఏదో ఒక మంచం మీద, మూతికి ఆ గొట్టం పెట్టుకుని ఉంది. శరత్ ఉన్నప్పుడు కూడా ఇదే కౌంటర్లో బాగున్నాడు, బాగున్నాడు అని చెబుతూనే వచ్చారు. నా బిడ్డను చూడనియ్యండి అంటూ కౌంటర్ మీదికి వంగింది. ఆమె ముఖం చూసి ఆ అమ్మాయి భయపడి, తన ఫోన్లో హేతల్ పెట్టిన ఫొటో తీసి చూపించింది.

ఫొటోలో కోమలి వీపున పెద్ద సంచీతో ఒక రాతి అంచు మీద నిలబడి ఉంది. తల చుట్టూ రుమాలు కట్టుకుంది. ఆమె వెనక నేల లేదు, మబ్బు ఉంది.

డబ్బా పట్టుకునే సారక్క మగ్గాల షెడ్డుకు వెళ్లింది. ఇన్నేళ్లలో పని వేళ ఆమె ఆ గుమ్మం తొక్కింది లేదు. లోపల పక్క మనిషి మాట వినబడనంత మోత. దూరం నుంచే ఆమెను చూసిన రాజనర్సు ముఖం పాలిపోయింది. తన మగ్గాల్ని పక్కనున్న బక్కయ్యకు చూడమని సైగ చేసి, దూది ధూళితో తెల్లబడ్డ తల తుడుచుకుంటూ బయటికొచ్చాడు.

షెడ్డు పక్కన చాయ్ బండి ఉంది. అప్పటికి ఎవరూ లేరు.

"పిల్ల యాడున్నదో నీకు ఎరుకేనా?" అంది సారక్క.

ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. తాను భయపడిన సంగతి కాదని తెలిసి భుజాలు దిగాయి. "ఎరుకే. నేనే పొమ్మన్న. నీకు చెప్తే పోనియ్యవని నేనే చెప్పొద్దన్న."

సారక్క చేతిలోని డబ్బాను చాయ్ బండి బల్ల మీద పెట్టింది. పడేస్తానేమోనని ఆమెకే అనుమానం వేసింది. తర్వాత నోటికొచ్చినన్ని మాటలు అంది. ఒక్కడిని పోగొట్టుకున్నది చాలదా అంది. కాలు జారితే పట్టుకునే దిక్కుంటుందా అంది. తండ్రివా, పగవాడివా అని కూడా అంది. రాజనర్సు అన్నీ విన్నాడు. గొంతు పెంచే మనిషి కాదాయన, అప్పుడూ పెంచలేదు.

"డ్యూటీ అయినంక పిల్ల ఇంటిదాకా వస్తది. మన మెట్ల మీద కూసుంటది. తలుపు కొట్టది. నేను షిఫ్టు దిగి వచ్చేటప్పుడు ఎన్నిసార్లు చూసిన్నో. ఎందుకు బిడ్డా అని అడిగితే, ఇంట్లకు రావాలంటే భయమైతుంది బాపూ అన్నది."

"నన్ను చూసి భయమా దానికి?"

లోపల మగ్గాలు దడదడమంటూనే ఉన్నాయి. రాజనర్సు తన ఫోను తీసి కోమలికి చేశాడు. అందుబాటులో లేదంది. మళ్లీ చేశాడు. మళ్లీ అదే. అలా ఎన్నిసార్లు విన్నదో ఆ యంత్రం గొంతు సారక్క. లోయలు, రాళ్లు, పాములు, ఒంటరిగా పడి ఉన్న సంచీ, ఒకదాని వెంట ఒకటి కళ్ల ముందుకొచ్చాయి.

మధ్యాహ్నం దాటాక, ఇద్దరూ చాయ్ బండి దగ్గరే ఉండగా, కోమలే తండ్రికి ఫోను చేసింది. అంత హుషారుగా ఆ గొంతు విని ఎన్నాళ్లయిందో. సాల్హేర్ కోట ఎక్కి దిగామనీ, దారిలో అడవి పల్లెల్లో పడుకున్నామనీ, ఇప్పుడు సాపుతారా అనే కొండ ఊరికి వచ్చి హాయిగా ఉన్నామనీ గుక్క తిప్పుకోకుండా చెప్పింది. కాళ్లు వాచిపోతే వేడినీళ్లలో ఉప్పు వేసుకుని కూర్చున్నారట. ఎండలో పడుకుని నిద్రపోయారట. రేపు చెరువులో పడవ, తీగ మీద జారడం, ఎల్లుండి పొద్దున గాలి గొడుగు కట్టుకుని కొండ మీంచి ఎగరడం. బాపూ, నువ్వుంటే బాగుండేది అంది.

సారక్క ఫోను లాక్కుంది.

"నువ్వు ఇప్పుడే బస్సెక్కు," అంది సారక్క.

"అమ్మా." కోమలి గొంతు మారిపోయింది. వార్డు నుంచి మాట్లాడే గొంతు అయిపోయింది. అబద్ధం చెప్పినందుకు తప్పయిందంది. తర్వాత మెల్లగా, "ఇప్పుడు రానమ్మా. ఇంకా రెండు దినాలు ఉంట," అంది.

పుట్టి బుద్ధెరిగాక కోమలి తల్లికి రానని చెప్పడం అదే మొదటిసారి. అరిచి చెప్పి ఉంటే సారక్క తానూ అరిచేది. అంత నెమ్మదిగా చెప్పేసరికి ఏం చేయాలో తోచలేదు. ఫోను భర్త చేతిలో పెట్టి, రేపు నేను పోతున్న, నువ్వొస్తే రా, లేకుంటే లేదు అంది.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ బస్సెక్కారు. రాజనర్సు షెడ్డు యజమాని శేఠ్‌ను బతిమాలి సెలవు తెచ్చుకున్నాడు. ముందు సీట్లో ఒక ముసలాయన దగ్గుతూ ఉన్నాడు. సారక్క కొంగు మాస్కు మీద అదిమిపెట్టుకుని కిటికీ వైపు తిరిగి కూర్చుంది. వాఘయీ ఊరు దాటాక టేకు చెట్లు, వెదుళ్లు మొదలయ్యాయి. ఆ తర్వాత ఘాట్ దారి. బస్సు మలుపు తిరిగినప్పుడల్లా కింద లోయ నోరు తెరుచుకున్నట్టు కనబడేది. సారక్క కళ్లు మూసుకుంది. మూసుకుంటే ఇంకా లోతుగా కనబడింది. రాజనర్సు ఆమె చేతి మీద చెయ్యి వేశాడు. ఆమె తీసేసింది.

సాపుతారాలో బస్సు దిగేసరికి ఎండ ఉన్నా గాలి చల్లగా ఉంది. అంగళ్లు, గుర్రాలు, ఫొటోలు దిగే జంటలు. మాస్కులు చాలామందికి గడ్డం కింద ఉన్నాయి. ఊళ్లో ఏం జరిగిందో వీళ్లకెవరికీ తెలియదా అనిపించింది సారక్కకు. కోమలి ఉంటున్న చోటు అడుగుతూ లోయ అంచున ఉన్న బాట వెంట నడుస్తుండగా ఒక కేక వినబడింది.

ఆ కేక కోమలిది.

గొంతు కోసినట్టున్న ఆ కేక లోయలోంచి వచ్చింది. సారక్క పరుగెత్తింది. చెప్పు ఊడిపోయింది, ఆగలేదు. కొండ అంచు నుంచి అవతలి గుట్ట దాకా ఒక ఇనుప తీగ కట్టి ఉంది. ఆ తీగకు వేలాడుతూ ఒక ఆకారం గాలిలో దూసుకుపోతోంది. కింద అంతులేని లోతు. సారక్క మోకాళ్ల మీద కూలబడింది. శరత్ పేరు పిలిచిందో, కోమలి పేరు పిలిచిందో ఆమెకే తెలియలేదు.

రాజనర్సు ఆమెను లేపి అవతలి గుట్ట వైపు నడిపించాడు. వాళ్లు చేరేసరికి కోమలి నెత్తి మీది టోపీ విప్పుతోంది. పక్కన హేతల్ పడీపడీ నవ్వుతోంది. కోమలి కూడా నవ్వుతోంది. ఎండకు ముఖం నల్లబడింది, పెదాలు పగిలాయి, కళ్లు మాత్రం చిన్నప్పటిలా మెరుస్తున్నాయి. తల్లిని చూసింది. నవ్వు అలాగే ఉండిపోయింది ముఖం మీద, ఏం చేయాలో తెలియనట్టు.

సారక్క దగ్గరికి వెళ్లి చెంప మీద ఒక్కటి కొట్టింది.

కోమలి చెంప పట్టుకోలేదు. నడుముకున్న పట్టీలు నెమ్మదిగా విప్పి అక్కడి మనిషికిచ్చి, తల్లిని చెరువు వైపు తీసుకెళ్లింది.

చెరువు గట్టు మీద సిమెంటు మెట్లు ఉన్నాయి. నీళ్లలో రంగురంగుల పడవలు మెల్లగా తిరుగుతున్నాయి. కోమలి బూట్లు విప్పి కాళ్లు నీళ్లలో పెట్టుకుని కూర్చుంది. ఆ పాదాలు బొబ్బలెక్కి ఉన్నాయి. రాజనర్సు రెండు మెట్లు పైన కూర్చున్నాడు.

సారక్క మొదలుపెట్టింది. అన్న పోయి ఏడాది నిండలేదంది. తీగ తెగితే, పట్టీ ఊడితే ఏమయ్యేదంది. నీకేమైనా అయితే ఆ రోజే నేనూ పోతానంది. ఇంట్లో ఏం తక్కువైందని ఇంత దూరం పారిపోయి వచ్చావని అడిగింది. కోమలి నీళ్ల వైపే చూస్తూ విన్నది.

"నా ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తవు గదా అమ్మా," అంది చివరికి. "నాకు ఎరుకే. నేను నిద్రపోను. నువ్వొచ్చి చూసి పోయేదాక కదలకుంట పండుకుంట. వార్డుల దినమంత నేను అదే చేస్త, ఊపిరున్నదా లేదా అని. ఇంటికొస్తే నువ్వు నన్ను గట్లనే చూస్తవు. నేను పేషెంటునా అమ్మా?"

"తల్లి భయం నీకెట్ల తెలుస్తది?"

"తెలుసు. నాకు నీకంటే ఎక్కువ భయం." కోమలి చేతులు ఒడిలో బిగుసుకున్నాయి. "వార్డుల మిషన్ మోగితే నా గుండె ఆగినట్టైతది. మొన్న ఒకాయనకు సూది వెయ్యబోతే చెయ్యి వణికింది, హేతల్ వేసింది. మళ్ల కేసులు వస్తున్నయంటున్నరు. మళ్ల అదే వార్డుల నిలబడాలె. నిలబడగల్తనో లేదో చూసుకోవాలని వచ్చిన. ఆ కోట మెట్లు ఎక్కుతుంటే ప్రాణం పోతదనుకున్న. పోలేదు. చెయ్యి వణికింది, కాలు వణికింది, అయినా ఎక్కిన."

"ఉద్యోగం మానెయ్యి. ఎవడు చెయ్యమన్నడు?"

"అన్న ఉన్న వార్డు అది. మానేస్తే ఎట్ల?"

"వాని దగ్గర నువ్వు ఎన్నడున్నవని? ఒక్కడే పోయిండు నా కొడుకు. అనాథ లెక్క పోయిండు."

కోమలి అప్పుడు తల్లి వైపు తిరిగింది. ముఖం రక్తం లేనట్టుంది.

"ఒక్కడే పోలేదమ్మా. నేనున్న. రోజూ పోయిన. ఆఖరున గూడ నేనున్న. నిద్రల పోలేదు అన్న. నా చెయ్యి పట్టుకొని..."

సారక్క రెండు చేతులతో చెవులు మూసుకుంది.

సారక్క లేచింది. మెట్లు తడబడుతూ ఎక్కి, గట్టు మీద ఎటు పోతున్నదీ చూడకుండా నడిచింది. చెవుల మీది చేతులు తీయలేదు. ఎదురొచ్చినవాళ్లు పక్కకు తప్పుకున్నారు. నిద్రలో పోయాడన్న ఒక్క మాటను పట్టుకుని ఆమె ఇన్ని నెలలు బతికింది. అది చేతిలోంచి జారిపోతే తర్వాత ఏముందో చూడాలంటే, బస్సు కిటికీలోంచి కనబడిన లోయలన్నీ ఒక్కచోటికి వచ్చినట్టనిపించింది.

ఆ రాత్రి హేతల్ వాళ్లు తీసుకున్న గదుల్లోనే ఒక గది దొరికింది. సారక్క గోడ వైపు తిరిగి పడుకుంది. రాజనర్సు తనకూ ఈ సంగతి ఇప్పుడే తెలిసిందని ఒక్క మాట మాత్రం చెప్పాడు. భర్త ఏడుస్తున్నాడని తెలిసినా ఆమె ఇటు తిరగలేకపోయింది.

తెల్లవారాక కోమలి వచ్చి తలుపు దగ్గర నిలబడింది. తల దువ్వుకుని ఉంది. సంచీ సర్ది పక్కన పెట్టుకుంది.

"ఎగుర్తలేనమ్మా. వద్దని హేతల్‌కు చెప్పిన. తొమ్మిదింటి బస్సుకు పోదం," అంది.

సారక్క కూతురి ముఖంలోకి చూసింది. నిన్న తీగ దిగినప్పటి మెరుపు లేదు. కళ్లు అలిసిపోయి, మాట నిదానించి, తలుపు లోపలికి రాకుండా గడప బయటే నిలబడి ఉంది. మెట్ల మీద ఇలాగే కూర్చునేదేమో అనుకుంది సారక్క. లోపల తాను డబ్బాలు సర్దుతూ, గడియారం చూస్తూ, భయపడుతూ ఉండగా, తలుపు అవతల బిడ్డ ఇలాగే కూర్చుని ఉండేదేమో. అన్న చెయ్యి పట్టుకుని ఉన్న సంగతి నోట్లో పెట్టుకుని.

ఆమెకు ఏడుపు వచ్చింది. ఆపుకుంది.

"ఆ గొడుగు ఎక్కడ కడ్తరు?" అని అడిగింది.

కోమలికి అర్థం కాలేదు.

"నాకు భయంగనే ఉన్నది. పానం పోతున్నట్టే ఉన్నది," అంది సారక్క. "అయినా పో. నేను గూడ వస్త. చూస్త."

కొండ నెత్తిన చదునైన మైదానం. ఎండుగడ్డి మీద పెద్ద ఎర్రటి గుడ్డ పరిచి ఉంది, దానికి లెక్కలేనన్ని సన్నటి తాళ్లు. ఎగిరించే మనిషి కోమలికి పట్టీలు బిగిస్తూ, తాను వెనకే ఉంటాననీ, పరుగెత్తమన్నప్పుడు పరుగెత్తాలనీ, నేల అయిపోయినా ఆగకూడదనీ చెప్పాడు. ఆ చివరి మాట విని సారక్క కొంగు నోట్లో కుక్కుకుంది.

వాళ్లు పరుగెత్తారు. గుడ్డ పైకి లేచి పక్కకు ఒరిగింది. గాలి తప్పింది. ఇద్దరూ గడ్డి మీద పడి రెండు బారలు ఈడ్చుకుపోయారు, అంచుకు కొంచెం ఇవతల ఆగారు. సారక్క అరవలేదు. అరుపు లోపలే తిరిగి గుండెకు తగిలింది. కోమలి మోకాలు దోక్కుపోయింది. లేచి నిలబడి వెనక్కి తిరిగి తల్లిని చూసింది. ఆ చూపులో వద్దను అన్న బతిమాలడం ఉంది. పొమ్మను అన్న బతిమాలడం కూడా ఉంది.

సారక్క దగ్గరికి వెళ్లింది. కూతురి చేతులు పట్టుకుంది. మంచులా ఉన్నాయి, వణుకుతున్నాయి. ఎంతసేపు పట్టుకుందో. ఎగిరించే మనిషి గాలి వచ్చిందని కేక వేశాడు. సారక్క వేళ్లు ఒక్కొక్కటే విప్పింది.

ఈసారి గుడ్డ నిండుగా లేచింది. కోమలి పరుగెత్తింది. నేల అయిపోయింది. ఆమె కాళ్లు గాలిలో ఇంకా పరుగెడుతూనే ఉన్నాయి.

రాజనర్సు కళ్లు మూసుకున్నాడు. సారక్క మూసుకోలేదు. ఎర్ర గుడ్డ లోయ మీదికి జారి, పక్కకు తిరిగి, టేకు అడవి మీదుగా పైకి లేచింది. చిన్నదైపోయింది. ఒక కొండ భుజం వెనక్కి పోయి కనబడకుండా పోయింది. సారక్క లోపల అన్నీ ఆగిపోయాయి. ఆసుపత్రి గేటు బయట నిలబడినప్పుడు ఇలాగే ఉండేది. లోపల ఏం జరుగుతోందో తెలియదు, చేయగలిగింది లేదు, కదలలేదు. ఆ కొండ వైపే చూస్తూ నిలబడింది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకుంటే ఎక్కడ చూపు తప్పుతుందోనని తుడుచుకోలేదు.

కొండ ఇవతలి పక్క నుంచి గుడ్డ తిరిగి కనబడింది.

తిరిగి మైదానం మీదే దిగాక కోమలి గడ్డి మీద కూర్చుండిపోయింది. పట్టీలు విప్పాక కూడా లేవలేకపోయింది. నవ్వుతోంది, ఏడుస్తోంది, కాళ్లు ఆడడం లేదంటోంది. రాజనర్సు ఒక చెయ్యి, సారక్క ఒక చెయ్యి పట్టుకుని లేపారు. మోకాలి మీది దెబ్బను సారక్క తన కొంగుతో అద్దింది. ఇద్దరిలో ఎవరు ముందు పట్టుకున్నారో గానీ, చాలాసేపు ఒకరినొకరు వదల్లేదు.

మైదానం చివర అడవి పల్లెల ఆడవాళ్లు ఇద్దరు కట్టెల పొయ్యి మీద రాగి రొట్టెలు కాలుస్తున్నారు. ముగ్గురూ అక్కడ చెక్క బల్ల మీద కూర్చున్నారు. అంతలో ఆసుపత్రి నుంచి కోమలికి ఫోను వచ్చింది. కేసులు పెరుగుతున్నాయని, సెలవు ముగియగానే తప్పకుండా రావాలని చెప్పారట. సరే అంది కోమలి. ఫోను పెట్టేసి తల్లి వైపు భయంగా చూసింది.

సారక్క ఉద్యోగం మాట ఎత్తలేదు. రొట్టె తుంచి, తినకుండా చేతిలో పట్టుకుంది.

"కోమలీ. అన్న సంగతి చెప్పు."

రాజనర్సు తల ఎత్తాడు.

"మొదటి దినం నుంచి చెప్పు. నువ్వు పోయిన దగ్గర్నుంచి. ఏం దాయకు."

"నీకు కష్టమైతది అమ్మా. నాకు భయమైతుంది చెప్పాలంటే."

"నాకు గూడ అయితుంది. చెప్పు బిడ్డా. ఇన్ని దినాలు ఒక్కదానివే మోసినవు."

రాజనర్సు బల్ల మీద ఇటు జరిగి కూతురి పక్కన ఆనుకుని కూర్చున్నాడు. సారక్క రొట్టె పక్కన పెట్టి, రెండు చేతులతో బల్ల అంచును గట్టిగా పట్టుకుంది.

"మొదటి దినం పోయినప్పుడు నన్ను గుర్తుపట్టలేదు అన్న," అంది కోమలి. "ఆ తెల్ల సూటు, కళ్లద్దాలు, రెండు మాస్కులు ఉన్నయి గదా. నేనే అన్నా అని చెప్పిన. అప్పుడు నన్ను కిందికీ మీదికీ చూసి, కోమలీ, నిన్ను చీరల మూట కట్టినట్టు కట్టిండ్రు గదనే, టెంపోల ఎయ్యాల్నా అన్నడు. ఊపిరందకుంటనే నవ్విండమ్మా."

సారక్క నోటి నుంచి ఒక నవ్వు బయటికొచ్చింది. కొడుకు గొంతు, కొడుకు వెటకారం, ఇన్ని నెలల తర్వాత. ఆ నవ్వు మధ్యలోనే పెద్ద ఏడుపైంది. రొట్టెలు కాల్చే ఆమె తిరిగి చూసి మళ్లీ పొయ్యి వైపు తిరిగింది. సారక్క ముఖం తుడుచుకోలేదు, చెవులు మూసుకోలేదు. కూతురి వైపు ఇంకొంచెం వంగింది.

"ఇంకా?" అంది.